వెనకబడినవాడి బలం

పోయిన వారం షిగెమిని మనం ఎంత ఇరకాటంలో వదిలేసి వచ్చామో మరిచిపోలేదు కదా. అమాగసాకి స్టేషను వెనక సందులో, హోమరె అనే ఆటల హాల్లో, గోడకి ఆనుకుని నోరు కుట్టేసుకుని నిలబడి ఉంది. ఆ నోరు కుట్టింది ఆమె ఉద్యోగమే. కొత్త ఆట మెషిన్ని దేశం మీదికి వదిలే ముందు, కంపెనీవాళ్లు దాన్ని ఏదో ఒక హాల్లో రెండు రోజులు పెట్టి చూస్తారు. ఆడేవాడు ఎక్కడ నవ్వాడు, ఎక్కడ తిట్టాడు, ఎక్కడ విసుగెత్తి లేచిపోయాడు అని కంపెనీ మనిషి పక్కనే ఉండి గమనించాలి. కానీ ఆ మనిషి తాను ఫలానా అని చెప్పకూడదు. ఆడేవాడికి ఒక్క మాట సాయం చెయ్యకూడదు. చెబితే పరీక్ష చెడినట్టే, ఉద్యోగం ఊడినట్టే.

షిగెమి ఏడాదిపాటు నిద్ర మానుకుని తయారుచేసిన ఆట పేరు 'కొట్లాట దారి'. కార్ల పందెమే, కాకపోతే పక్కబండిని గుద్ది, గోడకి నొక్కి, పల్టీ కొట్టించి మరీ గెలవాలి. రెండు మెషిన్లను వీపుకి వీపు ఆనించినట్టు పెట్టారు. ఇటు కూర్చున్నవాడికి అటు కూర్చున్నవాడి మొహం కనబడదు. చూడాలని అటు తిరిగి వెళ్లడం ఆ హాళ్లలో మర్యాద కాదు. అలా వెళ్లాడంటే వాడు తన్నుకోవడానికే వెళ్లాడని అర్థం.

ఒకటో మెషిన్లో కూర్చున్నది షిగెమి తమ్ముడు తొమోయ. మోటారు సైకిళ్లు బాగుచేసే కుర్రాడు, చేతివేళ్లతో బతికేవాడు. రెండో మెషిన్లో గెండా. ఒకప్పుడు ఈ ఊరి రోడ్లని రాత్రంతా గడగడలాడించిన కురోగానె ముఠాకి పెద్ద. తొమోయ ఆ ముఠాలోంచి బయటికి రావాలనుకున్నాడు. రావాలంటే తెగతెంపులు చేసుకోవాలి, అంటే అందరి చేతా చావుదెబ్బలు తినాలి. 'దెబ్బలెందుకు, ఆటలో తేల్చుకుందాం, గెలిస్తే వదిలెయ్యండి' అన్నాడు మన తొమోయ. సరేనన్నాడు గెండా. ఓడితే మాత్రం తొమోయ కుడిచేతి వేళ్లు హాలు వెనకున్న ఇనప షట్టరు కింద పెట్టాలి. అక్క ఆటల కంపెనీలో పనిచేస్తుందని తమ్ముడికి తెలుసు గానీ, ఇది ఆమె చేసిన ఆటేనని తెలియదు. అలా చెప్పడం కూడా నిషేధమే మరి.

అదీ సంగతి. ఇక వినండి.

ఆదివారం మధ్యాహ్నం. పక్కనే తకోయాకి అనే పిండి ఉండలు కాల్చి అమ్మే కొట్లో రేడియో గొంతు చించుకుంటోంది. కోషియెన్ బేస్‌బాల్ మైదానంలో ఎవరో హైస్కూలు కుర్రాడు బంతిని బలంగా కొట్టినట్టున్నాడు. లోపల సిగరెట్ పొగ. జనం రెండు మెషిన్ల చుట్టూ గుంపు కట్టారు.

గెండా ఎడమకాలు చేత్తో పట్టుకుని, మెషిన్ పక్కనున్న స్తంభం వైపుకి చాపుకున్నాడు. ఆ కాలు మోకాలి దగ్గర వంగదు. రోడ్డు మీద లారీ కింద పడి నుజ్జయిన కాలది. ఆ కాలు చాపుకోవడానికి రెండో మెషిన్ దగ్గరే చోటుంది కాబట్టి నిన్నట్నుంచీ ఆ సీటు అతనిదే. నిన్నట్నుంచీ ఆ సీటులో అతను ఓడిపోనూ లేదు.

"ఏరా తొమోయా, కాళ్లు అందుతున్నాయా? పీట ఏమైనా తెప్పించనా?" అన్నాడు అవతల్నుంచి.

"అందుతున్నాయన్నా. మీ కాలికి చోటు సరిపోయిందా?"

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వి వెంటనే నోరు మూసుకున్నారు. ఇప్పటి ముఠా నాయకుడు ఇవాకి, షట్టరు లాగే కొక్కెం కడ్డీ చేతిలో పట్టుకుని తొమోయ వెనకే నిలబడి ఉన్నాడు. ఆ కడ్డీ కొసతో తొమోయ వీపులో ఒక పోటు పొడిచాడు.

"వదిలెయ్‌రా," అన్నాడు గెండా. "కాసేపయ్యాక వాడికి మిగిలేది నోరొక్కటే. వాడుకోనీ."

నాణెం వేశాడు. వెంటనే ఆట మొదలుపెట్టలేదు. స్టీరింగు మీద అరచేతులు రుద్దుతూ, ఎవరితో అంటున్నాడో తెలియకుండా అన్నాడు.

"ఈ ఆటలో నాకు నచ్చిందేంటో తెలుసా? గుద్దితే చేతికి తెలుస్తుంది. స్టీరింగు మణికట్టు విరిచేస్తానన్నట్టు తిరగబడుతుంది. ఇనుము ఇనుముకి తగిలితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. దీన్ని చేసినవాడెవడో గానీ వాడికీ తెలుసు. కాలు పోయాక నాకు మళ్లీ రోడ్డు చూపించింది ఇదే."

గోడ దగ్గర షిగెమికి ఆ మాటలన్నీ వినబడ్డాయి. ఏడాది కష్టానికి దొరికిన మొదటి మెప్పు అది. తమ్ముడి వేళ్లు చితక్కొట్టబోయేవాడి నోటినుంచి వచ్చింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"నచ్చనిదొకటుంది," అన్నాడు గెండా. "ఇందులో పడ్డవాడు లేస్తాడు. బండి గాల్లో పల్టీ కొట్టి, తగలబడిపోయి, రెప్పపాటులో మళ్లీ కొత్త పెళ్లికొడుకులా రోడ్డెక్కుతుంది. నేను పడ్డప్పుడు చలికాలమంతా ఆసుపత్రి పైకప్పు చూస్తూ పడుకున్నాను. పోయేది ఏమీ లేకపోతే అది పందెం ఎలా అవుతుందిరా? అందుకని ఆ లోటు మనమే పూడుద్దాం."

షట్టరు వైపు గడ్డం ఎగరేశాడు.

నిజం చెప్పాలంటే ఆ మాటే షిగెమి కంపెనీ మీటింగులో ఎన్నోసార్లు అంది. ఓటమికి బరువు లేకపోతే గెలుపుకి రుచి ఉండదు అని. మేనేజరు మిజోగుచి వింటేగా. 'జనం ఓడిపోవడానికి రారమ్మా' అని కొట్టిపారేశాడు. పైగా ఇంకో వంకర పని కూడా చేయించాడు. వెనకబడిన బండికి ఎవరికీ తెలియకుండా ఇంజిను బలం పెరగాలి, అప్పుడే చేతగానివాడు కూడా చివరిదాకా ఆశతో ఆడతాడు అన్నాడు. షిగెమి వద్దని పోట్లాడి, చివరికి తలొంచి, చిటికెడంత పెట్టింది. ఆ మిజోగుచి ఇప్పుడు ఇనప పంజాతో బొమ్మలు పట్టే మెషిన్ పక్కన, చేతిలో డబ్బా కాఫీతో, దారినపోయే దానయ్యలా నిలబడి ఉన్నాడు. ఆమె కళ్లలోకి చూసి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

పందెం మొదలైంది.

తొమోయ ఎర్రకారు మొదటి మలుపులోనే ముందుకి దూకింది. గెండా నల్ల లారీలాంటి బండి దాని వెనకాల. రేవు రోడ్డు, కంటైనర్ల వరసలు, సొరంగం. తొమోయ చేతులు చూస్తే ముచ్చటేస్తుంది. అడ్డొచ్చిన బండిని పక్కకి నెట్టి, అది గోడకి గీసుకుని నిప్పులు చిమ్మేలోగా ఇంకోదాన్ని తన్నేవాడు. ఒక నీలం కారు వంతెన మీంచి ఊడి కిందున్న పడవ మీద పడి పేలింది. గుంపు ఊళ వేసింది.

రెండో చుట్టులో షిగెమికి ఏదో తేడా కనబడింది.

నల్లబండి సొరంగంలో గోడకి రెండుసార్లు తగిలింది. అంత వెనకబడ్డది మళ్లీ అందుకోవడానికి ఒక చుట్టు పట్టాలి. సొరంగం దాటేసరికి ఎర్రకారు వెనకే ఉంది. తాను పెట్టింది చిటికెడు, ఇక్కడ కనబడుతున్నది గుప్పెడు. తొమోయ ఎంత బాగా తోలితే వెనకవాడికి అంత బలం వస్తోంది. ముందుండడమే వాడి కొంప ముంచుతోంది. చివరి మలుపుకి ముందు కావాలని వెనకబడితే, అప్పుడు ఆ బలం వాడికి వస్తుంది. ఆ ఒక్కటే దారి.

మిజోగుచి వేలు ఇంకా పెదాల మీదే ఉంది.

"తొమోయా," అని అరిచింది షిగెమి. "వెనకబడు. వాణ్ణి ముందుకి పోనీ."

హాలంతా ఆమె వైపు తిరిగింది. తొమోయ తల తిప్పలేదు గానీ వాడి మెడ నరాలు బిగుసుకోవడం ఆమెకి కనబడింది. వాడికి ఆ మాట ఎలా వినబడిందో ఆ క్షణానే అర్థమైపోయింది. చిన్నప్పట్నుంచీ వాడితో అంటున్న మాటే అది. గొడవలోకి దిగకు, తగ్గి ఉండు, పోనీలే. తన అక్క అందరి ముందూ తనని ఓడిపొమ్మంటోందనుకున్నాడు పిచ్చివెధవ. పళ్లు కొరుకుతూ ఇంకా గట్టిగా తొక్కాడు. ఎర్రకారు ఇంకా ముందుకి పోయింది. పోయినకొద్దీ వెనక నల్లబండి ఇంజిను పిచ్చెక్కినట్టు గర్జించింది.

చివరి మలుపులో గుద్దింది. మామూలు గుద్దుడా అది. ఎర్రకారు వెనకచక్రాలు లేచి, పక్కకి తిరిగి, క్రేను స్తంభానికి చుట్టుకుంది. తొమోయ చేతుల్లో స్టీరింగు ఎదురుతిరిగి బొటనవేలు మెలిపెట్టింది. తెర మీద మంటలు. మంటలు ఆరి కొత్తకారు వచ్చేసరికి నల్లబండి గీత దాటేసింది.

తొమోయ మెషిన్ని పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. రెండో గుద్దుకి చెయ్యి లేవకముందే ఇవాకి వాడి జుట్టు పట్టుకుని మొహాన్ని స్టీరింగుకేసి కొట్టాడు. ముక్కు పగిలిన చప్పుడు రేడియోలో చప్పట్లని దాటి వినబడింది. ఇద్దరు వాడి చంకల్లో చేతులు వేసి షట్టరు దగ్గరికి ఈడ్చారు. వాడు వాళ్లని తన్నలేదు, బతిమాలలేదు. మాటంటే మాటే. నెత్తురు కారుతున్న మొహంతో అక్కని ఒక్కసారి చూసి, మళ్లీ చూడలేదు.

షిగెమి గోడ వదిలేసింది. మెషిన్ల పక్కనుంచి తిరిగి అవతలివైపుకి వెళ్లింది. గుంపు తనంతట తానే దారి ఇచ్చింది. అటు తిరిగి వెళ్లిన మనిషిని ఎవరూ ఆపరు.

గెండా అప్పుడే ప్రపంచాన్ని గెలిచినవాడిలా స్టీరింగు మీద తల ఆనించి ఉన్నాడు. కళ్లలో తడి ఉందేమో కూడా. తలెత్తి చూశాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"వాడి అక్కని. గెలిచింది మీరు కాదు."

"ఏంటి?"

"ఈ ఆట తయారుచేసింది నేను. వెనకున్న బండికి మెషినే బలం ఇస్తుంది. మా వాడు మీకంటే బాగా తోలాడు. బాగా తోలాడు కాబట్టే ఓడిపోయాడు. అది నాకు తెలుసు, అందుకే వెనకబడమని అరిచాను."

చెంపదెబ్బకి గెండా చెయ్యి ఎప్పుడు లేచిందో ఆమె చూడలేదు. కిందపడేసరికి నోట్లో ఉప్పగా తగిలింది. సిగరెట్ పీకల డబ్బా ఒకటి ఆమె మీద బోర్లాపడింది.

"కాలు పోయాక, పోయేదేదో ఉన్న పందెం నేను గెలవడం ఇదే మొదటిసారి," అన్నాడు అతను మెల్లగా. "దాన్ని కూడా లాక్కుందామని వచ్చావా? తమ్ముడి కోసం అబద్ధమాడితే ఆడావు గానీ, ఆ మాట మాత్రం అనకు."

"అబద్ధమైతే నా చెయ్యి కూడా షట్టరు కింద పెట్టండి. నాణేల తలుపు తెరిస్తే లోపల ఒక మీట ఉంటుంది. నొక్కితే ఎవరికి ఎంత బలం ఇచ్చిందీ తెర మీద కనబడుతుంది. తాళంచెవి ఆయన దగ్గరుంది. మా మేనేజరుగారు."

వేలు పెట్టి చూపించింది. హాలు మొత్తం మిజోగుచి వైపు తిరిగింది. ఆయన డబ్బా కాఫీలోంచి ఒక గుక్క తాగాడు. ఎంత నిదానంగా తాగాడంటే, చూస్తున్న మనకే ఒళ్లు మండుతుంది.

"ఈవిడెవరో నాకు తెలియదండీ," అన్నాడు. "నేను పిల్లలకి బొమ్మ పట్టి ఇద్దామని వచ్చాను."

ఇవాకి నవ్వాడు. "అక్కాతమ్ముళ్లిద్దరికీ కథలు బాగానే వచ్చు." షట్టరు సగం దించాడు. తొమోయ కుడిచెయ్యి గడప మీద పెట్టించి, మణికట్టు మీద బూటుకాలు వేశాడు. "ఒక్కసారికి సరిపోతుందా గెండా అన్నా, రెండుసార్లు వెయ్యమంటావా?"

షిగెమి ఎలా లేచిందో ఆమెకే తెలియదు. ఇవాకి ఆ కొక్కెం కడ్డీని గోడకి ఆనించి రెండు చేతులతో షట్టరు పట్టుకున్నాడు. అదే అతను చేసిన తప్పు. కడ్డీ అందుకుని మోచేతి మీద బలంకొద్దీ కొట్టింది. ఇవాకి కేక వేసి, కాలు తీసేసి, షట్టరు వదిలేశాడు. అది బరువుగా కిందికి జారింది. తొమోయ చెయ్యి లాక్కున్నాడు. ఇనుము ఖాళీ గడపకి తగిలిన మోతకి తకోయాకి కొట్టు రేడియో కూడా వినబడకుండా పోయింది.

ఎవరో ఆమె జుట్టు పట్టుకున్నారు. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండగా ఆమె రెండో మెషిన్ వైపుకి వాణ్ణి కూడా ఈడ్చుకుంటూ వెళ్లింది. కడ్డీ కొక్కేన్ని నాణేల తలుపు సందులో దూర్చి రెండు చేతులా వేలాడింది. రేకు వంగింది. మళ్లీ వేలాడింది. తలుపు ఊడి, నాణేలు గలగలా నేల మీద పడ్డాయి. ఒక్కరూ వంగి తీసుకోలేదు. ఆమె లోపలికి చెయ్యి దూర్చింది. పదునైన రేకు మణికట్టుని కోసేసింది. నెత్తుటి వేలితో మీట నొక్కింది.

తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు వచ్చాయి. గెండా స్తంభం పట్టుకుని లేచి, చదువు సరిగ్గా రానివాడిలా ఒక్కొక్క మాటా పైకి చదివాడు.

"వెనకబడిన బండికి బలం, గట్టిగా."

షిగెమి ఊపిరి పీల్చుకుంది. గట్టిగా అని ఉంది. తాను పెట్టింది కొద్దిగా. ఎవరో మార్చారు. కానీ ఉంది కదా, తెర మీద ఉంది కదా, తమ్ముడి వేళ్లు దక్కాయి. ఏడుపొచ్చేసింది ఆమెకి.

గెండా ఇంకా చదువుతూనే ఉన్నాడు.

"రెండో సీటుకి అదనపు బలం, పూర్తిగా."

ఆ వరస ఆమె రాసింది కాదు. అలాంటి వరస ఒకటి ఉందనే ఆమెకి తెలియదు.

రెండో సీటు ఎవరిదో అక్కడందరికీ తెలుసు. నిన్నట్నుంచీ గెండా గెలిచిన ప్రతి పందెం, గుంపు వేసిన ప్రతి ఊళ, ఇప్పుడు కళ్లలోకి వచ్చిన ఆ తడి, అన్నీ ఎవరో కుంటివాడి మీద జాలిపడి వేసిన బిచ్చమని ఆ తెల్ల అక్షరాలు చెబుతున్నాయి. అతని మొహంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"నిన్న నువ్వే కదా," అన్నాడు మిజోగుచితో. "కాఫీ కొనిచ్చి, మీలాంటివాళ్లు గెలుస్తుంటే చూడ్డానికి జనం చేరతారండీ అన్నావు. బొమ్మల కోసం వచ్చినవాడివి నీకెందుకు జనం?"

ఇద్దరు కుర్రాళ్లు మిజోగుచిని కాలర్ పట్టి ఎత్తారు. కాఫీ డబ్బా దొర్లిపోయింది. కోటు జేబు చించితే తాళంచెవి బయటపడింది. ఊడిపోయిన తలుపు తాళంలో పెట్టి తిప్పితే నూనె రాసినట్టు తిరిగింది.

గెండా ఆ తాళంచెవిని అరచేతిలో తూచి చూశాడు.

"ఒక్కటే అడుగుతున్నా. ఇది చేసిన చెయ్యి ఎవరిది?"

మిజోగుచి మొహంలో రంగు లేదు. కానీ వేలు మాత్రం వణక్కుండా లేచింది. తిన్నగా షిగెమి వైపు చూపించింది.

"ఆవిడదే. కురోసు షిగెమి. ఈ ఆటలో ప్రతి వరసా ఆవిడ రాసిందే. ఆవిడ నాకు బాగా తెలుసు."

షిగెమి నోరు తెరిచింది. మాట రాకముందే వెనకనుంచి తమ్ముడి గొంతు వినబడింది. దక్కించుకున్న కుడిచెయ్యి గుండెలకి అదుముకుని, చొక్కా అంతా నెత్తురుతో నిలబడి ఉన్నాడు తొమోయ.

"అందుకేనా అక్కా," అన్నాడు, "నన్ను వెనకబడమన్నావు?"

ఇవాకి నొప్పి పుడుతున్న మోచేతిని ఒంటికి అదుముకుని, రెండో చేత్తో షట్టరుని మళ్లీ మోకాలి ఎత్తు వరకు లేపాడు. గెండా ఆ వంగని కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఆమె ముందు ఆగాడు. ఆమె చేతిలోంచి ఇనప కడ్డీని మెల్లగా తీసుకున్నాడు. కోసుకుపోయిన మణికట్టుని పట్టుకుని, ఎవరో డాక్టరు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ చేత్తో రాస్తావమ్మా?" అన్నాడు.